హైదరాబాదు కప్పులు – టర్కీ లీగు

ఫుట్‌బాల్ ఆటలో పోటీలు రెండు విధములు. కప్పు పోటీ తిరునాళ్ల వంటిది. పది పదునైదు దినములు ఊరంతయు సందడి. ఓడిన జట్టు ఆ సాయంకాలమే మూట గట్టుకొని రైలెక్కును. లీగు పోటీ సేద్యము వంటిది. ఏడెనిమిది మాసములపాటు ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతో రెండేసి మారులు ఆడవలెను. ఒకసారి సొంత మైదానమున, ఒకసారి ఎదుటివారి మైదానమున. ఒకనాటి అదృష్టము ఒకనాటితో పోవును. వానకు, ఎండకు, గాయములకు, అలసటకు తట్టుకొని ఏడాది చివర పాయింట్ల పట్టికలో పైనున్నవాడే విజేత. అడుగున నిలిచినవాడు క్రింది తరగతికి దిగవలెను. ఆ తరగతిలో నెగ్గినవాడు పైకి రావలెను.

ఈ భేదమును ముందుగా చెప్పుటకు కారణము కలదు. మన తెలుగుదేశమున ఒకప్పుడు ఆసియా ఖండమే తల యెత్తి చూచిన ఫుట్‌బాల్ ఉండెడిది. అది కప్పుల మీద బ్రతికినది. సరిగా ఆ యేండ్లలోనే టర్కీ దేశమువారు తమ నగర పోటీలన్నిటిని కలిపి ఒక జాతీయ లీగు నెలకొల్పుకొన్నారు. ఆ లీగు నేటికిని నడచుచున్నది. మన హైదరాబాదు ఆట యేమైనదో మన పెద్దలకు తెలియును. ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూచుట మా ఉద్దేశము.

హైదరాబాదునకు ఈ ఆట సికిందరాబాదు దండునుండి వచ్చినది. ఆంగ్ల సైనికులు పెరేడు మైదానములలో ఆడుచుండగా చూచి నేర్చిన కుర్రవాండ్రే మొదటి తరమువారు. 1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘము ఏర్పడినది. ఆ కాలముననే సిటీ ఆఫ్ఘన్స్ అను జట్టు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుగా మారినది. పోలీసు శాఖ ఆటగాండ్రను కొలువులోనికి తీసికొని, జీతమిచ్చి, ఉదయము సాయంకాలము సాధన చేయించెడిది. ఆ దినములలో మన దేశమున ఆటను వృత్తిగా చేసికొను వీలు లేదు. పోలీసు, రైల్వే, పట్టాలము - ఇవియే పేద ఆటగానికి ఆధారములు. టోపీ పెట్టుకొని సలాము కొట్టినవాడే సాయంకాలము బంతి తన్నెడివాడు.

ఆ జట్టునకు ప్రాణము పోసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచటి జట్టులో ఆడి, పిమ్మట హైదరాబాదులోని పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పినారు. 1943 నుండి 1963లో మరణించు వరకు హైదరాబాదు సంఘమునకు కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టినారు. భారత జట్టు శిక్షణభారమును ఇంచుమించు ఆ కాలముననే ఆయన భుజములపై పడినది.

రహీం పద్ధతులు నేటికిని ఆశ్చర్యము గొలుపును. మన కుర్రవాండ్రకు బంతిని కాలి కంటించుకొని ఒకరిద్దరిని తప్పించి, మూడవవానికి చిక్కి పోగొట్టుకొను అలవాటు మెండు. దానిని మాన్పుటకు ఉపన్యాసము చెప్పి లాభము లేదని ఆయనకు తెలియును. కనుక డ్రిబ్లింగు చేయరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు పెట్టినారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించి తీరవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు. పొట్టి కుర్రవాండ్రకు వేరుగా కొన్ని. ఇవన్నియు ఒక్క పైస ఖర్చు లేని సంస్కరణలు. వీనికి పరదేశపు శిక్షకులు అక్కరలేదు, బడిపంతులు బుద్ధి చాలును. ఒక సాధారణ పాఠశాల ఉపాధ్యాయుడు తన తరగతిలోని మందబుద్ధికి, చురుకువానికి వేర్వేరు లెక్కలు ఇచ్చునట్లే రహీం ఆటగాండ్రకు ఆటలు ఇచ్చినారని మేము అనుకొందుము.

ఫలితము త్వరలోనే కనబడినది. బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచినది. 1891లో మొదలైన ఆ పోటీలో అట్టి వరుస ఇంకొకరికి దక్కలేదు. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్ జట్టును ఓడించినది. 1954లో మరల గెలిచినది. కలకత్తావారికి ఫుట్‌బాల్ తమ ఇంటి సొత్తు అను గర్వము ఉండెడిది. చార్మినారు నీడనుండి వచ్చిన కానిస్టేబుళ్లు ఆ గర్వమును కొంత తగ్గించినారనుట సత్యము. రాష్ట్ర జట్ల పోటీయగు సంతోష్ ట్రోఫీని 1956–57లోను, 1957–58లోను హైదరాబాదే గెలుచుకొన్నది. ఆంధ్రప్రదేశ్ పేరిట 1965–66లో ఆ ట్రోఫీ ఇంకొకమారు వచ్చినది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్సునకు పోయిన భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ - అందరును హైదరాబాదు, సికిందరాబాదు మట్టిలో ఆట నేర్చినవారే. శిక్షకుడు రహీం. ఆస్ట్రేలియాను 4–2 గోల్సుతో ఓడించి, సెమీఫైనలులో యుగోస్లావియాకు 1–4తో తలవంచి, బల్గేరియా చేతిలోను ఓడి, నాలుగవ స్థానమున నిలిచినారు. నాలుగేండ్లకు పూర్వము హెల్సింకిలో అదే యుగోస్లావియా చేతిలో 1–10 గోల్సుతో మన జట్టు చిత్తయినది. నాడు మనవారిలో చాలమంది వట్టికాళ్లతో ఆడినారు. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి బంగారు పతకము తెచ్చిన జట్టు రహీం తయారు చేసిన కడపటి జట్టు. అప్పటికే ఆయన దేహమును పుట్టకురుపు తినివేయుచున్నది. 1963 జూన్ 11వ తేదీన పరలోకగతులైనారు.

ఇక్కడ బలరాం గారిని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు పోలేము. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడ అను పల్లెలో, పేద తమిళ కుటుంబమున పుట్టిన బాలుడు. రాష్ట్రపు జట్టు ఎంపిక ఆటలకు రమ్మని రహీం పిలిచినపుడు, వచ్చి పోవుటకు డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పినాడట. రహీం తన జేబునుండి డబ్బిచ్చినారనియు, దానితో సైకిలు అద్దెకు తీసికొని మైదానమునకు వచ్చెడివాడననియు బలరాం గారే పెద్దయైన పిమ్మట చెప్పినారు. ఆ బాలుడు 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేసినాడు. అయితే అప్పటికి ఆయన హైదరాబాదులో లేడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బువారు తీసికొనిపోయినారు. ఆటకు స్వస్తి చెప్పిన తరువాతను వంగదేశముననే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన కోల్‌కతాలోనే కన్ను మూసినారు.

బలరాం ఒక్కరే కాదు. అహ్మద్ హుస్సేన్ పోయినారు, తంగరాజ్ పోయినారు, తరువాతి తరమున 1970 ఆసియా క్రీడలలో కంచు పతకము తెచ్చిన జట్టునకు నాయకుడైన నయీముద్దీన్ పోయినారు, షబ్బీర్ అలీ పోయినారు, విక్టర్ అమల్‌రాజ్ పోయినారు. వీరిని తప్పు పట్టుటకు లేదు. కలకత్తాలో 1898 నుండియు లీగు ఉన్నది. ఏటేట, వారము వారము ఆట ఉన్నది. ఆట చూడ వేలకొలది జనము, ఆ జనము ఇచ్చు టిక్కెట్టు డబ్బు, ఆ డబ్బుతో ఆటగానికి ఇచ్చు పారితోషికము ఉన్నవి. హైదరాబాదునకు స్థానికపు లీగు లేకపోలేదు. కాని ఊరి జట్లలో ఊరి జట్టుతోనే ఆడు ఆటకు బయటి ప్రపంచపు రాబడి లేదు. బయటి ప్రపంచముతో ఆడవలెనన్న కప్పు పోటీయే గతి. ఏడాదికి రెండు కప్పులు గెలిచినను ఆడు ఆటలు ఎన్ని? పదియో పండ్రెండో. తక్కిన దినములు స్టేషను కొలువే. దేశమంతటికి ఒక లీగు ఉండి, మోహన్ బగానును ఏడాదికొక మారైనను ఫతే మైదానమునకు వచ్చి ఆడక తప్పని స్థితి ఉండినచో, బలరాం సికిందరాబాదు వదలెడివాడా? ఈ ప్రశ్నకు ఖచ్చితమైన జవాబు మా వద్ద లేదు. కాని అట్టి స్థితి వేరొక దేశమున ఎట్లుండెనో చూడవచ్చును.

1959 వరకు టర్కీలోను మన దేశపు పరిస్థితియే. ఇస్తాంబుల్ నగరమునకు ఒక లీగు, అంకారాకు ఒకటి, ఇజ్మీర్‌కు ఒకటి. ఇస్తాంబుల్ క్లబ్బులు ముగ్గురు పెద్దన్నలు: 1903లో పుట్టిన బెషిక్తాష్, 1905లో పుట్టిన గలతసరాయ్, 1907లో పుట్టిన ఫెనర్‌బాచె. అంకారాలో రైల్వేవారి జట్టు, ఆయుధ కర్మాగారపు కార్మికుల జట్టు - మన పోలీసు, రైల్వే జట్లకు దాయాదులే. 1959లో ఈ మూడు నగరముల జట్లను చేర్చి జాతీయ లీగు ఆరంభించినారు. ఇస్తాంబుల్‌నుండి ఎనిమిది, అంకారానుండి నాలుగు, ఇజ్మీర్‌నుండి నాలుగు - మొత్తము పదునారు జట్లు. ఎర్ర విభాగము, తెల్ల విభాగము అని రెండు పాళ్లుగా విభజించి, రెండింటి విజేతలకు చివర పోటీ పెట్టినారు. గలతసరాయ్, ఫెనర్‌బాచె తలపడినవి. మొదటి ఆటలో గలతసరాయ్ వీరుడు మెతిన్ ఒక్తాయ్ తన్నిన బంతి వలను చించుకొని వెలికి పోయినదని ఇస్తాంబుల్‌లో నేటికిని చెప్పుకొందురు. ఆ ఆట గలతసరాయ్ 1–0తో గెలిచినది. రెండవ ఆటలో ఫెనర్‌బాచె 4–0తో బదులు తీర్చుకొని తొలి విజేత అయినది. మరుసటి ఏడే విభాగములు మాని, ఇరువది జట్లతో అసలైన లీగు నడిపినారు.

ఆ పద్ధతిలోని కీలకము 1963లో వచ్చినది. ఆ ఏడు రెండవ తరగతి లీగు స్థాపించినారు. అప్పటినుండి ఏ పట్టణపు జట్టయినను క్రింది మెట్టున మొదలుపెట్టి పై మెట్టునకు ఎక్కవచ్చును. చిన్న పట్టణములలో సంచలనము కలిగినది. ఒకే ఊరిలో నాలుగైదు క్లబ్బులుగా చీలి కొట్టుకొనువారు, కలసినగాని పైకి పోలేమని తెలిసి, ఒక్క జట్టుగా ఏకమైనారు. అట్లు పుట్టినదే ట్రాబ్జోన్‌స్పోర్.

ట్రాబ్జోన్ నల్లసముద్రపు ఒడ్డున, కొండల పాదమున ఒదిగియున్న రేవు పట్టణము. విశాఖ రేవు కాలువకు ఆవల యారాడ కొండను చూచు అలవాటు గల మాకు ఆ పట్టణపు ఛాయాచిత్రము చూచినపుడెల్ల ఏదో చుట్టరికము తోచును. ఇస్తాంబుల్‌నుండి వేయి కిలోమీటర్ల దూరము. చేపలవారు, హేజెల్ గింజల రైతులు, రేవు కూలీలు. ఆ ఊరిలోని క్లబ్బులకు తరతరముల పగలు. 1967లో ఎట్లో కలసినవి. 1974లో పై తరగతికి వచ్చినవారు, రెండవ ఏటనే, 1975–76లో విజేతలైనారు. అంతవరకు ఇస్తాంబుల్ వెలుపలికి ఆ బిరుదము పోయి ఎరుగదు. అది గాలివాటు గెలుపు కాదు. 1976–77, 1978–79, 1979–80, 1980–81, 1983–84 - తొమ్మిదేండ్లలో ఆరు మారులు. ఆటగాండ్రలో చాలమంది ఆ ఊరివారు, ఆ తీరమువారు. గోలు కాచిన షెనోల్ గునేష్ బడిపంతులుగా పనిచేసినవాడే. 2002 ప్రపంచ కప్పులో టర్కీ మూడవ స్థానము పొందినపుడు ఆ జట్టునకు శిక్షకుడును ఆయనయే. బడిపంతులకు, ఫుట్‌బాలునకు ఏదో సంబంధమున్నది కాబోలు.

ఇందు మేము గమనించిన ముఖ్య విషయము ఇది. ట్రాబ్జోన్ కుర్రవానికి పెద్ద ఆట కావలెనన్న ఇస్తాంబుల్ పోనక్కరలేదు. గలతసరాయే ఏడాదికొక మారు అతని ఊరికి వచ్చి ఆడవలెను. రాకున్న పాయింట్లు పోవును. ఆ ఒక్క దినపు టిక్కెట్టు రాబడి, ఆ ఒక్క దినపు గౌరవము పట్టణమును నిలబెట్టును. రేడియో ముందు కూర్చున్నవానికి కూడ లీగు రుచి వేరు. ఒకేసారి నాలుగు పట్టణములలో ఆటలు జరుగుచుండగా, మన మైదానపు గోలుకన్న పక్క మైదానపు గోలు కబురు కొరకు చెవులు రిక్కించుట కప్పు పోటీలో దొరకని ఉత్కంఠ.

టర్కీ లీగు స్వర్గమని మేము చెప్పుట లేదు. 1959 మొదలు 2025 వరకు ఆ బిరుదము పొందిన క్లబ్బులు ఆరు మాత్రమే. అందు నాలుగు ఇస్తాంబుల్‌వి. అయిదు బిరుదములకొక నక్షత్రము చొప్పున చొక్కాపై కుట్టుకొను ఆచారమున్నది. 2025లో గలతసరాయ్ అయిదవ నక్షత్రమును కుట్టుకొన్నది. డబ్బున్నవానికే గెలుపు దగ్గర. క్రిందికి దిగుట యెంత క్రూరమో బుర్సాస్పోర్ కథ చెప్పును. 2010లో విజేత; 2019లో రెండవ తరగతికి జారి, అచట ఆగక 2024 నాటికి నాలుగవ తరగతి దాక పడిపోయినది. ఆటలో ఆవేశము హద్దు దాటుటయు కలదు. 2023 డిసెంబరులో అంకారా క్లబ్బు అధ్యక్షుడొకడు ఆట ముగియగానే మైదానములోనికి దూకి రెఫరీ ముఖముపై గ్రుద్దినాడు. దేశమంతట లీగు కొన్నాళ్లు నిలిచిపోయినది. 2025లో పెక్కుమంది రెఫరీలు పందెముల వ్యవహారమున సస్పెండ్ అయినారు. ఇన్ని మచ్చలున్నను ఆ లీగు ఏ ఏడును మూతపడలేదు, ఊళ్లు తమ జట్లను వదలలేదు.

మన దేశమున జాతీయ లీగు 1996లో గాని రాలేదు. టర్కీకన్న ముప్పదియేడేండ్లు ఆలస్యము. దీనికి అసమర్థతయే కారణమనుట తొందరపాటు. ఇస్తాంబుల్‌నుండి అంకారాకు ఒక రాత్రి రైలు ప్రయాణము. 1959లో కలకత్తానుండి బొంబాయికి రెండు దినములు పట్టెడిది. పోలీసు జట్టు నెలకు రెండు మారులు అట్లు తిరిగినచో కొలువెవరు చేయుదురు? పైగా ప్రతి రాష్ట్రపు సంఘమునకు తన కప్పు, తన తిరునాళ్లు ముద్దు. ఈ కారణములను ఒప్పుకొనియే, 1970 తరువాత రైళ్లు, విమానములు పెరిగినను మరి పాతికేండ్లు ఊరకుండుటకు సమాధానము దొరకదని మా అభిప్రాయము. ఆ పాతికేండ్లలోనే హైదరాబాదు ఎండిపోయినది. రహీం లేరు, మైదానములపై భవనములు లేచినవి, పోలీసు శాఖ ఆటగాండ్రను తీసికొనుట తగ్గించినది, కుర్రవాండ్రు క్రికెట్టు బ్యాటు పట్టినారు. 1996లో లీగు మొదలగునప్పటికి అందు నిలువదగిన జట్టు మన నగరమున లేకపోయినది. తొలి విజేత పంజాబులోని ఫగ్వాడాకు చెందిన జె.సి.టి. మిల్లు జట్టు. 2007లో ఆ లీగు ఐ-లీగుగా మారినది. 2014లో ఇండియన్ సూపర్ లీగు అను వేరొక పోటీ పుట్టినది. ఈ కొత్త లీగులో, పుట్టినపుడు, ఎక్కుట దిగుట లేదు. కంపెనీ డబ్బు కట్టును, నగరపు పేరు పెట్టుకొనును.

2019లో అట్లే హైదరాబాదు పేరు పెట్టుకొన్న క్లబ్బు ఒకటి వచ్చినది. అది మన నేలపై మొలచినది కాదు. పూణేలోని క్లబ్బు మూతపడగా దాని స్థానమున ఏర్పడినది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియము వారి నెలవు. స్పెయిన్ దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్, నైజీరియా గోలు వీరుడు ఒగ్బెచె వచ్చినారు. ఒగ్బెచె ఆ 2021–22 లీగులో 18 గోల్సు చేసి అందరికన్న ముందు నిలిచినాడు. కోవిడు మహమ్మారి కారణముగా ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20వ తేదీన ఫతోర్డా మైదానమున కేరళ జట్టుతో ఫైనలు. కేరళవారు ముందు గోలు చేసినారు; ఇంక రెండు నిముషములున్నదనగా సాహిల్ తవోరా దూరమునుండి తన్నిన బంతి సమము చేసినది. పెనాల్టీలలో గోల్‌కీపరు కట్టిమని మూడు ఆపినాడు. 3–1తో హైదరాబాదు భారతదేశపు విజేత. ఆ రాత్రి పాత పోలీసు జట్టును ఎరిగిన వృద్ధులు ఎందరో టెలివిజను ముందు మేల్కొనియుందురు. అయితే ఆ పదునొకండుగురిలో గోషామహలులోనో, అమ్ముగూడలోనో ఆట నేర్చినవారి కొరకు వెదకినచో నిరాశయే. సొంత నగరపు ప్రేక్షకుల యెదుట ఆ లీగు ఏట ఒక్క ఆటయు ఆడక వారు విజేతలైనారు.

విచిత్రమేమనగా, అదే 2021–22 లీగులో, నలుబదియొక్క దినముల తరువాత, 2022 ఏప్రిల్ 30వ తేదీన, ట్రాబ్జోన్‌స్పోర్ ముప్పదియెనిమిదేండ్ల ఎదురుచూపు తరువాత టర్కీ విజేత అయినది. ఆట ముగియకముందే జనము మైదానములోనికి ఉరికినారు. 1984లో యువకులుగా చూచినవారు మనుమలను భుజములపై ఎక్కించుకొని వీధులలో తిరిగినారు.

హైదరాబాదు క్లబ్బునకు జీతముల బాకీలు పెరిగినవి. ఆటగాండ్రు, శిక్షకులు ఒకరొకరుగా వెడలినారు. 2024లో యాజమాన్యము చేతులు మారినది. 2025లో కొత్త యజమానులు క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చినారు. పూణేనుండి వచ్చినది ఢిల్లీకి పోయినది. ఆ మార్పునకు తగిన కాగితములు, సంతకములు అయినవి. గచ్చిబౌలి వీథులలో ఊరేగింపు గాని, నిరసన గాని పెద్దగా జరిగినట్లు లేదు. అదే ఏట ట్రాబ్జోన్ జట్టు పట్టికలో నడిమి స్థానమున ముగించినది. కొత్త లీగు మొదలగు దినమున మైదానము మరల నిండినది.